తలుపు మీద మిగిలిన చీటీ

“పద్మా, అత్తమ్మ పోయింది. జర వస్తవా?” అని సోమవారం పొద్దున టీచరమ్మ కోడలు ఫోన్ చేసింది. నారాయణగూడలో నేను పనిచేసే ప్రెస్సులో ఎవరిదో పెళ్ళికార్డు అచ్చుకు సిద్ధం చేస్తున్నాను. తెర మీది మాటలు కాసేపు నాకు చదవరాలేదు.

మాది మహబూబ్‌నగర్ జిల్లా; కూలి పనికి పట్నం వచ్చాం. అశోక్‌నగర్‌లో ఆమె ఇంటి పక్క బిల్డింగుకు మా అమ్మానాన్నలు ఇటుకలు మోస్తుంటే, ఇసుక కుప్ప మీద ఆడుకుంటున్న నన్నూ, నాలాంటి కూలోళ్ళ పిల్లలనూ పిలిచి చదువు చెప్పిన మనిషి టీచరమ్మ. పాత పెళ్ళికార్డులను చీటీలుగా కత్తిరించి, వెనకవైపు ఒక్కో మాట రాసేవారు: అది, ఉంది, లేదు, మళ్ళీ. రెప్పపాటు చూపించి దాచేసేవారు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటే నవ్వేవారు.

“మీ అమ్మ ఎదురొస్తే ముక్కు, చెవులు లెక్కపెడ్తవా? చూడంగనే అమ్మ అంటవు. మాట గూడ గట్లనే.”

రాని మాటను అన్నం మెతుకుతో తలుపుకు అంటించేవారు, సరిగ్గా మా కళ్ళ ఎత్తులో. వస్తూ పోతూ అది చదవాలి. మూడు రోజులు తడబడకుండా చదివితే మేమే ఒలిచేయాలి. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ చీటీలు పెట్టిందే. చిక్కడపల్లిలో ఏ గేటు మీద ‘లేదు’ అని కనిపించినా, ఇప్పటికీ నాకంటే ముందు ఆమె గొంతు చదువుతుంది.

పోయిన ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చి, చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. మాట ఉంది, రాయడమూ వస్తుంది, చదవడం మాత్రం పోయింది. “అక్షరాలు కనవడ్తున్నయ్ బిడ్డా, గుర్తువట్టస్తలేదు. సాయంత్రం వచ్చి చీటీలు చూపియ్యి. నీ ముందైతే నాకు సిగ్గులేదు” అన్నారు. రెండు రోజులు వెళ్ళాను. రెండో రోజు ‘ఉంది’ చీటీని చాలాసేపు చూసి, నా మొహంలోకి చూశారు. తట్టుకోలేక నేనే చెప్పేశాను. మాకు ఆమె ఎన్నడూ చేయని పని అది. “రేపొస్త టీచరమ్మా” అని బయటపడ్డాను. మళ్ళీ వెళ్ళలేదు. నడిస్తే పావుగంట దూరం. ప్రెస్సులో పని అని చెప్పుకున్నాను కానీ, నాకు భయమేసింది.

సోమవారం ఆ తలుపు దగ్గరే ఆగిపోయాను. చక్రాల కుర్చీలో కూర్చుంటే అందే ఎత్తులో, ఒకప్పటి నా ఎత్తులోనే, ఒలిచేసిన చీటీల మచ్చలు వరసగా ఉన్నాయి. ఒక్క చీటీ మాత్రం మిగిలింది.

“తనే రాసి అంటిచ్చుకున్నది. అన్నీ వచ్చినయ్. ఇదొక్కటే రాలే. నువ్వొచ్చే లోపల నేర్చుకోవాలని రోజూ దీని ముందలనే కూసునేది” అంది కోడలు.

వంకర అక్షరాలతో దాని మీద నా పేరు ఉంది. మూలలు ఆమె వేళ్ళకు మెత్తబడ్డాయి. మెతుకు ఎండిపోయింది కానీ, ఇంకా పట్టుకునే ఉంది.