రేకుల మీద సొరతీగ

పెళ్లయిన మూడో ఏడు మేము కరీంనగర్ దగ్గరి పల్లెలో మగ్గం వదిలేసి బెల్లంపల్లి వచ్చాం. మా ఆయన బొగ్గుబాయి పనిలో కుదిరాడు. పనివాళ్ల లైన్లలో మాకో ఇల్లు దొరికింది. ఇల్లంటే ఒక అర్ర, ముందు చారెడు వాకిలి, వెనక దడి కట్టుకున్న కాస్త జాగా. పైన రేకులు. ఆ రేకుల కింద మొదటి ఎండాకాలం ఎట్లా గడిపామో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కమిలినట్టుంటుంది.

ఎండ అందరికీ ఎండే. కానీ మా ఆయనది రాత్రి డ్యూటీ. తెల్లవారి వచ్చి, నీళ్లు పోసుకుని, ఇంత తిని నడుం వాల్చేసరికి పొద్దు రేకుల మీదికెక్కేది. ఇక ఇల్లు రొట్టెపెంకలా కాలేది. తువ్వాల తడిపి మొహాన వేసుకుని పడుకునేవాడు. అది ఆరిపోగానే లేచేవాడు. మళ్లీ తడుపుకునేవాడు. మధ్యాహ్నానికి పడుకోవడం మానేసి గోడకానుకుని కూర్చునేవాడు. ఎంత కడిగినా పోని బొగ్గు గీతలు కళ్ల చుట్టూ కాటుకలా ఉండేవి.

ఒక పొద్దున చెప్పులైనా విప్పకుండా గడప మీద కూలబడ్డాడు.

“నిలవడ్డకాడనే కన్నంటుకున్నది,” అన్నాడు. “పట్టాల మీద బొగ్గు డబ్బా వచ్చింది. పక్కోడు రెక్కవట్టి గుంజకపోతే పోయేటోన్నే.”

నేను చెంబుతో నీళ్లిచ్చాను. ఆ ఏడు ఎట్లాగో వానలు పడి బతికిపోయాం. కానీ మరుసటి ఏడు చలి పూర్తిగా విరగకముందే నాకు ఎండ భయం పట్టుకుంది.

మా అవ్వ చేసినట్టే ఎండాకాలానికి చేయాల్సినవన్నీ చేశాను. నేల తవ్వి, మట్టి కలిపి, మెత్తి, పేడతో అలికాను. గోడలకు సున్నం వేశాను. మూలకు ఇసుక పోసి నీళ్ల రంజన్ కుండ కూర్చోబెట్టాను. కిటికీకి గోనెసంచి కుట్టాను. చంకలో ఏడాది నిండని పిల్ల. దాన్ని దించితే ఏడుపు, ఎత్తుకుంటే పని సాగదు. ఇంత చేసీ పైకి చూస్తే ఆ రేకులు అట్లాగే ఉన్నాయి. అప్పుడు అవ్వగారింటి నుంచి తెచ్చిన సొరగింజలు గుర్తొచ్చాయి. తీగ ఇంటి మీదికి పాకితే కింద చల్లగా ఉండదా అనుకున్నాను.

వెనక జాగాలో ఉన్నది మట్టి కాదు, బొగ్గుబూడిదా రాళ్లూ. వాగు ఒడ్డు నుంచి గంపతో మట్టి మోశాను. గుంత నింపి గింజలు పెట్టాను. ఉత్త రేకు మీద ఆకు మాడిపోతుందని మా ఆయన ఒక సెలవురోజు కందికట్టె తెచ్చి పైన పరిచి రాళ్లు పెట్టాడు. లైన్లో వాళ్లు నవ్వారు. “ఇంటి మీద చేను వెడుతున్నవా?” అన్నారు. నవ్వేంత ఓపిక నాకు లేదు.

నీళ్లది అసలు బాధ. నల్లా వచ్చేది కాసేపు. ఆ కాసేపట్లో బిందె నిండితే మన అదృష్టం. అందుకని బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, పిల్లకు పోసిన నీళ్లు, అన్నీ పాదుకే. ఆయన స్నానం చేస్తే నల్లగా పారే నీళ్లను కూడా వదలలేదు.

పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. ఆపా అని పిలిచేదాన్ని. వాళ్లాయనా బాయిలోనే. పిల్లల పాలకని ఒక మేకను పెంచుకునేది. నా తిప్పలు చూసి ఒకరోజు దడి మీదుగా బకెట్టు అందించింది.

“మా బట్టల నీళ్లు చెల్లె. పారవోసుడెందుకు, నీ తీగకు పొయ్యి. గది జర మా దిక్కు గూడ పాకితే మాకూ సల్లగుంటది.”

అప్పటి నుంచి రెండిళ్ల నీళ్లూ దానికే. ఉగాది పోయేసరికి తీగ సగం ఇల్లు కప్పింది. ఆకులు బొగ్గుదుమ్ము పడి నల్లబడేవి. నిచ్చెన వేసుకుని తడిబట్టతో తుడిచేదాన్ని. తెల్లపూలు పూసింది. కింద పడుకుంటే తేడా తెలిసింది. చల్లగా కాదు, కాలకుండా ఉంది, అంతే. ఆయనకు అది చాలింది. మొదటిరోజు మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకుంటే భయమేసి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను.

ఆయన నిద్రపోవడం మొదలుపెట్టాక నా నిద్ర పోయింది. పిల్ల ఏడవకుండా ఎత్తుకుని బయటే తిప్పాలి. వాకిట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే బతిమాలాలి. మేకలు రాకుండా పాదు దగ్గర కూర్చోవాలి. తెల్లవారకముందే నల్లా దగ్గర నిలబడాలి. ఒక్కోసారి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరచిపోయేదాన్ని.

ఒకనాటి మధ్యాహ్నం పిల్లకు పాలిస్తూ వెనక గోడ నీడలో కూర్చున్నాను. కన్ను ఎప్పుడు మూతపడిందో తెలియదు. పటపట కొరుకుతున్న చప్పుడుకు లేచాను. ఆపా మేక తాడు తెంపుకుని వచ్చి, దడి సందులోంచి దూరి, మొదలు దగ్గర కాండాన్ని కొరికేసింది. పైన తీగంతా పచ్చగానే ఉంది. దానికింకా తెలియదు.

మేకను కొట్టలేదు. అరవనూ లేదు. ఆపా పరుగున వచ్చి తెగిన మొదలు చూసి చెంపలు వేసుకుంది.

“యా అల్లా! నేను తాడు గట్టిగనే కట్టిన చెల్లె. ఏమన్న అను. గట్ల సప్పుడు జేయకుంటె ఎట్ల?”

పిల్లను ఎత్తుకుని లోపలికి పోయాను. రెండు మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కోపం ఆమె మీదో, మేక మీదో, ఎండ మీదో తెలియదు. తీగ వాడి, ఎండి, కందికట్టె మీద తాళ్లలా పడి ఉంది. పిందెలు ముడుచుకుపోయాయి. మళ్లీ ఇల్లు కాలడం మొదలైంది.

ఒక పొద్దున ఆపా గోనెసంచుల మూట నెత్తిన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఎక్కడెక్కడ అడిగి తెచ్చిందో, అన్నీ చిరుగులే. నాతో కాకుండా అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనతో చెప్పింది.

“తమ్మీ, గివి పైన పరువు. పొద్దుగాల ఒక్కపారి తడుపుదాం. మా ఇంటి నీళ్లు నేను తెస్త. మా చెల్లె మొకం జూడు ఎట్లయిందో. తీగకు కాదు, ముందుగాల దానికి పండుకోను జాగ సూడు.”

ఆయన నన్ను చూశాడు. అంతకుముందు అట్లా చూసినట్టు నాకు గుర్తులేదు. పైకెక్కి ఎండిన తీగ మీదే సంచులు పరిచి రాళ్లు పెట్టాడు. ఆపా కింది నుంచి బకెట్లు అందించింది. నేను లేవబోతే ఆయన కసిరాడు.

“నువ్వు కూసో.”

దిగి వచ్చి పిల్లను నా చేతుల్లోంచి తీసుకున్నాడు. “లోపల పండుకో. నేనీడ ఉంట,” అన్నాడు.

“రాత్రి డ్యూటీ ఉన్నది గదా. నిద్ర లేకుంటె ఎట్ల?”

“ఇయ్యాల పోను. నాగా అయితె అయితది.”

అలికిన నేల మీద చాప కూడా లేకుండా పడుకున్నాను. వాకిట్లో ఆయన పిల్లను ఆడిస్తూ ఏదో అంటున్నాడు. పక్కింటి నుంచి ఆపా కొడుకులను గదమాయిస్తోంది. అదంతా దూరంగా వినిపించి ఆగిపోయింది. లేచేసరికి దీపం పెట్టి ఉంది. పిల్ల ఆపా ఒళ్లో పాలు తాగి నిద్రపోయిందట. ఆ మేక పాలే. ఆయన అన్నం వండాడు. పైన పలుకు, అడుగున మాడు. ఉప్పేసుకుని ముగ్గురం కూర్చుని తిన్నాం. ఆపాతో నేనే ముందు మాట్లాడాను, “ఇంకింత పెట్టుకో ఆపా,” అని.

ఆ ఎండాకాలమంతా సంచులు తడపడంతోనే సరిపోయింది. ఒకరోజు ఆమె, ఒకరోజు నేను. భుజాలు పడిపోయేవి. ఆయనకు నిద్ర కొన్నిరోజులు పట్టేది, కొన్నిరోజులు పట్టేది కాదు. వారంలో ఒక మధ్యాహ్నం మాత్రం పిల్లను తీసుకుని ఏదో పనున్నట్టు బయటికి పోయేవాడు. నేను తలుపు దగ్గరికి వేసుకుని పడుకునేదాన్ని.

మిరుగు కార్తె రాగానే మొదటి వాన పట్టపగలే పడింది. కుళ్లిన సంచుల పేలికల మీదా, రేకుల మీదా ఒకటే మోత. ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. “ఇగ గిదొకటా,” అన్నాడు. నేను కారే చోట్ల కింద గిన్నెలు పెడుతూ పోయాను.