సరంగు ఎవరని అడిగితే

"నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావే?" అన్నారు మా ఆయన. "మీ నెత్తిమీదే ఉంది" అన్నాను. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. మధ్యాహ్నం కునుకు తీసిన మనిషి మళ్ళీ లేవలేదు. ఇంతకంటే మంచి మాటలు దొరకలేదా అంటే, అవన్నీ పడవ మీదే అనేసుకున్నామని చెప్తాను.

మొన్న ఆదివారం, ఈ పరాయిదేశంలో ట్రుగనీనా అనే ఊళ్ళో ఉన్న ఇంట్లో, మా అబ్బాయి టీవీలో ఇంగ్లండు కాలువలు చూపించాడు. వచ్చే సెలవుల్లో అక్కడ పడవ అద్దెకు తీసుకుని తనే నడుపుతాడట. పొట్లకాయలా సన్నగా, పొడుగ్గా ఉన్నాయి పడవలు. పూర్వం గట్టుమీద గుర్రాలు లాగేవట. మా గోదావరి కాలువల్లో మనుషులే లాగేవాళ్ళు, నేనూ లాగాను. మా కాలువలు తవ్వించింది కూడా ఆ దొరలే. అందుకే వాళ్ళ లాకు చూడగానే నాకు పుట్టింటి గుమ్మం చూసినట్టయింది. పడవ మెట్లు దిగలేదు కదా, రెండు జతల తలుపుల మధ్య రాతిగదిలో నిలబెట్టి, నీళ్ళు తీసేసి పల్లానికి దింపుతారు. టీవీలో పడవ అలా దిగుతుంటే, దానివాడు తాడు గట్టుకు బిగించి కాఫీ తాగుతున్నాడు.

"ఒరేయ్, తాడు వదలమనరా!" అని అరిచాను.

"అమ్మా, అది రికార్డింగ్. వాడికి వినపడదు" అని నవ్వి, కూతురితో అన్నాడు, "తాతయ్య సరంగు, పడవ నడిపేవారు. నాన్నమ్మ అందులో వంట చేసేది."

"సో, నాన్నమ్మ వాజ్ ద కుక్?" అంది మనవరాలు.

ఆ ముక్క గొంతులో ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఇవాళ కోడలిని కూర్చోబెట్టి చెప్తున్నాను. వంట చేశాను, నిజమే. అదొక్కటే చేశానంటే ఒప్పుకోను.

అప్పట్లో ఓసారి ధాన్యం బస్తాలతో దిగువకు పోతున్నాం. లాకులో ఆయన కొత్త కొబ్బరితాడును గోడమీది గూటానికి ముడేసి, లాకువాళ్ళతో చుట్ట ముట్టించుకోడానికి పోయారు. నీళ్ళు తీస్తున్నప్పుడు తాడు చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా వదలాలి తప్ప ముడెయ్యకూడదు. పెళ్ళాం మాట మీద లేని నమ్మకం ఆయనకు ఆ ముడి మీద! నేను వెనకాల కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. నీళ్ళు దిగుతున్నాయి, పడవ దిగడంలేదు. ఒక పక్కన తాడుకు వేలాడుతూ రెండో పక్కకి ఒరిగిపోతోంది. బస్తాలు జారుతున్నాయి. కేక వేశాను. తూముల హోరులో ఎవరికి వినపడుతుంది? మాకున్నది ఆ ఒక్క పడవే. కత్తిపీట రెండు చేతులా ఎత్తి తాడు మీద వేశాను. ఫెళ్ళున తెగింది. పడవ దభీమని నీళ్ళలో పడి, అడ్డం తిరిగి, కింది తలుపుల మీదికి పోబోయింది. చుక్కాని కొయ్యను పొట్టకు అదిమిపెట్టి నిలబెట్టాను. తలుపులు తెరిచాక నేనే బయటికి నడిపాను. ఆయన గట్టు వెంట పరిగెత్తుకొస్తూ, "కొత్త తాడు నరికేశావు కదే!" అన్నారు. అంటూనే పడవలోకి దూకి, జారిన బస్తాలు సర్దారు.

"అత్తయ్యా, కొంచెం స్లోగా. టైప్ చెయ్యాలి కదా" అంటోంది కోడలు. సరే, మెల్లగానే చెప్తాను.

తర్వాతి లాకు దాకా ఆయన నా చేతిలోంచి చుక్కాని తీసుకోలేదు. అక్కడి గుమాస్తా మామూలుగానే వచ్చేపోయే పడవలు రాసుకునే పుస్తకం తెరిచి, "సరంగు ఎవరు?" అన్నాడు. మా ఆయన చుట్ట తీసేసి, నలుగురూ వింటుండగా, "ఈవిడే. రాసుకోండి" అన్నారు. గుమాస్తా నన్నోసారి, ఆయన్నోసారి చూసి, నవ్వి, ఏదో రాశాడు. ఏం రాశాడో మా ఇద్దరికీ తెలీదు, చదువు రాదు కదా. యాభై ఏళ్ళయింది. ఆ పుస్తకం ఏ చెదలు తిన్నాయో! మనిషి ఆగినా కాలం ఆగదు, లాకు తలుపులేసినా ఆగదు.

అమ్మాయ్, ఆ గుమాస్తా అడిగిన చోటు నుంచి ఒకసారి చదువు. సరంగు ఎవరని రాశావో విననీ.