రెండూళ్ల మధ్య మా సర్వేయర్ గారు

మా సర్వేయర్ గారు పోయారని మొన్న శుక్రవారం కువైట్‌లోని మంగఫ్ నుంచి ఆయన గదిలో ఉండే అతను ఫోన్ చేశాడు. గుండెపోటట. "భోంచేశారా?" అని అడిగాను. ఎందుకలా అడిగానో నాకిప్పటికీ అర్థం కాదు.

ఫహాహీల్‌లో మ్యాపుల ఆఫీసులో నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. కువైట్‌లో పాతకాలపు పేటల పేర్లూ హద్దులూ పటం మీదికి ఎక్కించడం మా పని. ఏ పేరైనా, ఏ హద్దైనా ముగ్గురిని విడివిడిగా అడగాలనేది ఆయన పద్ధతి. కలిపి అడిగితే రెండోవాడు మొహమాటానికి తలూపేస్తాడనేవారు. బస్సెక్కినా పక్కవాడి ఊరేమిటి, దానికి అటూ ఇటూ ఏ ఊళ్లున్నాయి అని మొదలుపెట్టేవారు. మా విజయవాడ వాళ్లకి అంత ఓపికెక్కడిది?

ఒకసారి సముద్రం వైపు రెండు పాత పేటల హద్దు కోసం పొద్దంతా తిరిగాం. ఒక పెద్దాయన బావి అన్నాడు. ఇంకొకాయన మసీదు గోడ అన్నాడు. మూడో ఆయన గహ్వా కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టి, అసలు హద్దే లేదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సార్, ఏదో ఒకటి గీసేద్దాం, ఖలాస్" అన్నాను.

"వాళ్లకే తేలంది మనం యాడ తేలుస్తామ్మా? చుక్కలు పెట్టు. గీత గీకొద్దు" అన్నారు. పటమంతా చుక్కలేనా అని మేనేజరు చీవాట్లు పెడితే, నవ్వుతూ టీ తాగారు. ఆ నవ్వంటే నాకు చాలా ఇష్టం.

ఇక ఆయన్ని ఇంటికి పంపాలి. చెన్నైలో విమానం దిగాక ఏ ఊరికి వెళ్లాలని అంబులెన్సు డ్రైవరు ఫోన్ చేసి అడిగాడు. అలవాటు కొద్దీ ముగ్గురికి విడివిడిగా ఫోన్ చేశాను.

"రాచపల్లెమ్మా, మా ఇల్లు ఆడే కదా" అంది ఆయన భార్య.

"చింతలకుంటకే తేవల్ల. మా నాయన సమాధి ఉండేది ఈడ" అన్నాడు తమ్ముడు.

"రెండూ కాదు. మా ఇండ్లు రెండూళ్లకీ నడమ ఉండాయి, నల్లరాళ్లగడ్డ అంటాం" అన్నాడు పక్కింటాయన. ఆ పేరు ఏ మ్యాపులోనూ లేదు.

దీన్ని తేల్చమని అడగడానికి నాకు తెలిసిన మనిషి ఒక్కరే. ఆయనే లేరు. కుర్చీలో కూలబడి ఏడ్చాను. చివరికి మూడు పేర్లూ డ్రైవరుకి చెప్పాను. తప్పు చేశానేమో, తెలియదు.

మర్నాడు ఆయన భార్య ఫోన్ చేసింది. వెనక ఒకటే అరుపులు.

"బండి వచ్చిందమ్మా. రెండూళ్లోళ్లూ రోడ్డు మీద నిలబడినారు. మా ఊరికని వీళ్లు, మా ఊరికని వాళ్లు."

"మరి ఎటు తీసుకెళ్తున్నారు?"

"తెల్దుమ్మా. పెట్టెను ముందర రాచపల్లోళ్లు పట్టుకున్నారు, ఎనక చింతలకుంటోళ్లు. నడుస్తా ఉండారు."