పానకం గుండిగలో తూటా తొడుగులు

మా మరిది చేతుల వాసన నాకింకా ముక్కులోనే ఉంది. కాలిన తుపాకీమందు, చెమట, మెషిన్ ఆయిల్ కలిసిన వాసన. ఆ చేతులతోనే వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. చేతులు కడుక్కోమంటే లుంగీకి రెండు వైపులా తుడుచుకుని, "కడిగినట్టే ఒదినా" అనేవాడు. అతను కలుపుకున్న పప్పన్నం చూస్తే నాకు ముద్ద దిగేది కాదు.

మలేసియాలో తెలుక్ ఇంటాన్ అనే ఊరి చివర మా ఇల్లు. మా ఆయన పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ లారీ నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది నేను, మా అమ్మాయి, అత్తగారు, పెళ్లికాని మరిది. మరిదికి ఒక షూటింగ్ క్లబ్బు షెడ్డులో పని. అక్కడి సభ్యులు కాల్చాక గడ్డిలో పడ్డ తూటాల ఇత్తడి తొడుగులు ఏరాలి, వాటి అడుగున మందుని అంటించి పేలిపోయిన చిన్న లోహపు టోపీలు ఊడదీయాలి, మసి వదిలేలా తోమాలి. వాటిలో మళ్లీ మందు నింపడానికి వేరే మనిషి ఉన్నాడు, దానికి క్లబ్బుకి అనుమతి ఉంది. మందే కాదు, ఒక్క ఖాళీ తొడుగు కూడా ఆ షెడ్డు గడప దాటకూడదు. ఇలాంటి నియమాలు మామూలు మనుషులకి. మా మరిది గొప్పవాడు.

ఆ ఏడు శ్రీరామనవమి దగ్గర పడుతుండగా షెడ్డులో తొడుగులు తోమే యంత్రం పాడైంది. ఆ క్లబ్బులో అందరూ దాతుక్ అని బిరుదుతో పిలిచే పెద్దమనిషి ఒకడున్నాడు. అతని దగ్గర పాతకాలం రైఫిల్ ఒకటి ఉంది. దానికి సరిపోయే తూటాలు ఏ దుకాణంలోనూ దొరకవట. అందుకని వేరే రకం తొడుగులు తెచ్చి దాని కొలతకి మలచాలి. దాతుక్‌కి తొందర, మరిదికి దాతుక్ మెప్పు కావాలి. ఒక సంచీ నిండా తొడుగులు నా వంటింటికి వచ్చేశాయి.

నేను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మరిది నా గ్యాస్ పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. నేను అప్పడాలు కాల్చే పట్టకారుతో ఒక్కో తొడుగునీ పట్టుకుని, మూతి మంటకి చూపించి, రంగు మారగానే నీళ్లలో పడేస్తున్నాడు. చుయ్యిమంటున్నాయి. ఆ నీళ్లున్నది నేను బియ్యం కడిగే గిన్నె. నీళ్ల మీద నల్లటి తెట్టు తేలుతోంది.

"ఏటిది?" అన్నాను.

"మూతి మెత్తబడాలి ఒదినా. లేపోతే అచ్చులో నొక్కినప్పుడు సీలిపోద్ది" అన్నాడు, ఏదో పరమాన్నం వండుతున్నట్టు. "ఆ తరవాత కొంచెం మందేసి దాతుక్ తుపాకీలో ఒక్కసారి పేల్చీడమే. ఆ మంటకి ఉబ్బి, తుపాకీ పొట్ట ఎలాగుంటే అలాగైపోద్ది. ఇంక వేరే తుపాకీకి పట్టదు."

"మీ అన్నయ్యని చేసుకున్నాక నా గతీ అదే" అన్నాను.

అత్తగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పొయ్యి చుట్టూ మసి చుక్కలు పడి ఉన్నాయి. పక్కనే మా అమ్మాయి పాలగ్లాసు. నేను ఫ్యాక్టరీలో సీసం కరిగించి అతికే సోల్డరింగ్ లైనులో చాలాకాలం చేశాను. సీసం ముట్టుకున్న చేత్తో తిండి ముట్టుకోవద్దని అక్కడ మాకు గోడల మీద బొమ్మలు వేసి మరీ చెప్పేవారు. పేలిన ఆ టోపీల మసిలో ఉండేదీ సీసమేనని షెడ్డులో మరిదికీ చెప్పారు. చెవిన వేసుకుంటే కదా! ఆ గిన్నెను చెత్తబుట్టలో పడేసి, సంచీని వాకిట్లోకి విసిరేశాను. ఆ సంచీ మళ్లీ గుమ్మం తొక్కితే తనూ తొక్కక్కర్లేదని చెప్పాను. "సరి సరి" అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలిసి ఉండాల్సింది.

నవమి రోజు పొద్దున్న, అత్తగారు ముందురోజే అటక మీంచి దింపించిన ఇత్తడి గుండిగ వంటింటి గట్టు మీద ధగధగ మెరుస్తోంది. అది ఆవిడ అత్తగారి కాలం నాటిది. ఎస్టేటు కూలీల లైను ఇళ్లలో ఉన్నప్పటి నుంచీ రామాలయానికి పానకం మా ఇంటి నుంచే, ఆ గుండిగలోనే. అత్తగారికి అంతకు మించిన ఆస్తి లేదు.

"నా సేత సెప్పించుకోకుండా తోమినావు, బంగారంలాగుంది" అని మొదటిసారి నన్ను మెచ్చుకున్నారు. తోమింది నేను కాదు. మా ఆయన రాత్రే వచ్చి ఉన్నాడు కదా, తల్లి కోసం తోమి ఉంటాడనుకుని ఊరుకున్నాను. అత్తగారూ ఆయనా గుండిగ తీసుకుని గుడికి వెళ్లిపోయారు.

నేను అమ్మాయికి జడ వేసి, పెరట్లోకి నీళ్లు పారబోయడానికి వెళ్లాను. కాలవ పక్కన చింతపండు పిప్పి గుట్టగా పడి ఉంది. మామూలు పిప్పి కాదది, బొగ్గులా నల్లగా ఉంది. పక్కనే నా చేటలో ఆరబోసిన తొడుగులు తళతళలాడుతున్నాయి. గబగబా లోపలికి వచ్చాను.

మరిది అప్పుడే స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుంటున్నాడు.

"ఎందులో నానబెట్టినావు?" అని అడిగాను.

"వేడి నీళ్లకి ప్లాస్టిక్ బకెట్టు ఆగదు కదా ఒదినా. గుండిగలో సేసినాను. సింతపండు, ఉప్పు. దేవుడి దీపాలు మనం అలాగే కదేటి తోముతాం? తొడుగులూ మెరిసినాయి, గుండిగా మెరిసింది. ఒకే దెబ్బకి రెండు పనులు" అన్నాడు. గర్వంగా కూడా ఉన్నాడు.

ఆ ముఖాన్ని ఆ చింతపండు పిప్పిలోనే ముంచాలనిపించింది. అమ్మాయిని బండి ఎక్కించుకుని గుడికి పరిగెత్తించాను.

పానకం కలిపేశారు. మిరియాలు, యాలకుల వాసన గుమ్మం దాకా వస్తోంది. హారతి అవుతోంది. పిల్లలు గ్లాసులు పట్టుకుని అప్పుడే వరసలో నిలబడ్డారు. గుండిగ పక్కన గరిటె పట్టుకుని అత్తగారు పెళ్లికూతురిలా కూర్చుని ఉన్నారు. నేను ఆవిడ చెవిలో అంతా చెప్పాను.

ఆవిడ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత గట్టిపడింది.

"కడిగినాడు కదా. సుమ్మా గోల సెయ్యకు" అని గొణిగారు.

"ఇత్తడి, పులుపు, సీసం మసి. ఎంత కడిగితే పోద్దో ఎవరికి తెల్సు అత్తా? ఇంతమంది పిల్లలు."

"రాముడి పేరు సెప్పి కలిపినాను. ఏటీ అవదు. మన గుండిగలో ఇసం ఉందని నలుగురిలో నాను సెప్పాలేటి? రేపు మనకి ఈ గుడిలో మొకం ఉంటాదా? అవతలికి పో."

హారతి గంట ఆగింది. ముందున్న చిన్నపిల్ల గ్లాసు చాపింది. అత్తగారు గరిటె ముంచారు.

నేను రెండు చేతులతో గుండిగ అంచు పట్టుకుని గుడి మెట్ల కింది కాలవ వైపు వంచేశాను. బెల్లం నీళ్లు నా చీర మీద, అత్తగారి పట్టుచీర మీద, మెట్ల మీద పారి కాలవలో పడ్డాయి. గుడి అంతా ఒక్కసారి "అయ్యో" అంది. ఎందుకని అందరూ నా వైపే చూశారు. చెబుదామని నోరు తెరిచాను.

"మా కోడలు సెయ్యి జారింది" అన్నారు అత్తగారు, నాకంటే ముందు, నాకంటే గట్టిగా. "ఎత్తబోయి జార్సీసినాది. దానికెప్పుడూ తొందరే."

"కాదు, అందులో తూటాలు..." అన్నాను గానీ వినడానికి ఎవరూ లేరు. దేవుడి పానకం ఒలకబోసిందని ఒకావిడ చెంపలు వేసుకుంటోంది. మరో పెద్దాయన, పండగ పూట ఇలాంటి వాళ్లని ముందు నిలబెట్టకూడదని కమిటీ వాళ్లతో అంటున్నాడు. అప్పుడే చేరుకున్న మరిది చెప్పుల స్టాండు పక్కన నిలబడి సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. మా ఆయన నన్ను చూశాడు, తల్లిని చూశాడు, తర్వాత మెట్లు కడగడానికి బకెట్టు తెచ్చాడు. ముగ్గురి మీదా నాకు ఒకే రకమైన రోత పుట్టింది. మసి అంటిన అన్నం మీద పుట్టే రోత.

పిల్లలకి దుకాణం నుంచి గులాబీ సిరప్ తెప్పించి, నీళ్లలో కలిపి పోశారు. ఎర్రగా ఉందని వాళ్లు సంతోషంగా తాగారు.

సాయంత్రం అత్తగారు గుండిగను మళ్లీ తోమి, నిండా నీళ్లు పోసి, హాలు మధ్యలో పీట మీద పెట్టారు. "దీనికేటీ అవలేదు" అని గోడకి చెప్పినట్టు చెప్పారు. కొడుకులిద్దరూ తలలూపారు.

మా అమ్మాయి బయట ఆడి ఆడి చెమటలు కక్కుతూ వచ్చింది. ఎదురుగా చల్లటి నీళ్లు. గ్లాసు ముంచి నోటి దగ్గర పెట్టుకుంది.

మోకాళ్ల నొప్పులతో ఎవరైనా చెయ్యి ఇస్తే గాని లేవలేని మా అత్తగారు ఒక్క ఉదుటున లేచి, ఆ గ్లాసును ఒక్క దెబ్బ కొట్టారు. గ్లాసు గోడ దాకా దొర్లింది. నీళ్లు నేలంతా పరుచుకున్నాయి. బిడ్డ బిత్తరపోయి ఏడుపు మొదలెట్టింది. మరిది ఫోను పక్కన పెట్టాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"అత్తా, ఇప్పుడెవరి సెయ్యి జారింది?" అని అడిగాను.

ఆవిడ మనవరాలి నోరు తన కొంగుతో తుడిచి, నోటి లోపల కూడా వేలు పెట్టి తుడిచి, కొంగు వాసన చూసుకున్నారు.