సంతకం కోసం కోరుట్లకు

మా గైడు సారు మీద అప్పట్లో నాకున్నంత కోపం జగిత్యాలలో ఇంకెవరికీ ఎవరి మీదా ఉండి ఉండదు. సోషల్ వర్క్ పీజీ చివరి సెమిస్టర్. బీడీలు చేసే ఆడవాళ్ల మీద ప్రాజెక్టు రిపోర్టు మొత్తం రాసి ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడేవి, అంతే. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. క్లాసు అయిపోగానే ఎవరో తరుముతున్నట్టు కోరుట్ల బస్సెక్కి వెళ్లిపోయేవారు. దారికి అడ్డం నిలబడితే "రేపు చూద్దామమ్మా" అనేవారు. ఆ రేపు ఎన్నడూ రాలేదు.

సోమవారం లోపు ఆయన సంతకంతో రిపోర్టు ఇవ్వకపోతే ఇంకో ఏడాది ఆగాల్సిందే. సిరిసిల్లలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం నాకోసం ఆపి ఉంచారు, పీజీ పూర్తయితేనే అన్న షరతు మీద. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తూనే ఉంది. ఉద్యోగం రాగానే ఆ చాట పక్కన పెట్టించాలని నా పంతం. "నీ చదువయ్యేదెన్నడు, నేను చాట దించేదెన్నడు" అని ఫోన్లో నవ్వేది. ఆమె నవ్వితే నాకు ఏడుపొచ్చేది.

శనివారం రిపోర్టు ఇంకో ప్రింటు తీయించుకుని నేనూ కోరుట్ల బస్సెక్కాను. సారును వాళ్లింట్లోనే నిలబెట్టి కడిగిపారేయాలని దారి పొడవునా మాటలు కూడబెట్టుకున్నాను. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి గేటుకు బయట నుంచి గొళ్లెం పెట్టి ఉంది. లోపల వరండాలో ఒక ముసలామె కూర్చుని బీడీలు చేస్తోంది. ఇదేం చోద్యమనుకుంటూ గొళ్లెం తీసి వెళ్లాను.

"ఏందే, గింత ఆలస్యమా? కూసో. ఆకు ఆరిపోవట్టె," అంది.

నన్ను ఎవరనుకుందో ఏమో. మా దిక్కు బీడీలు ఒక్కరే కూర్చుని చెయ్యరు. వాడకట్టులో ఎవరింట్లోనో నలుగురూ చేరి ముచ్చట్లు పెట్టుకుంటూ చేస్తారు. వచ్చిన ఆడపిల్ల ఎవరైనా సరే, ఒక చెయ్యి వెయ్యాల్సిందే.

"సార్ లేరా అవ్వా?" అన్నాను.

"సారు పొద్దుగూకంగ అస్తడు. గప్పటికి కట్టలు కావాలె," అని కత్తెర నా చేతికిచ్చింది.

పోట్లాడటానికి వచ్చినదాన్ని బుద్ధిగా కూర్చుని తునికాకు కత్తిరించాను. చిన్నప్పుడు అమ్మ పక్కన నేర్చిన చెయ్యి, కత్తెర పడితే ఊరుకుంటుందా. తంబాకు కోసం చూస్తే గిన్నెలో ఉన్నది ఎండిన తునికాకు నలిపిన ఉత్త పొడి. అవ్వ దాన్నే నింపి చుట్టి, మూతి మడిచి, దారం కడుతోంది. నాకేమీ అర్థం కాలేదు. అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

కాసేపటికి సారు కూరగాయల సంచితో వచ్చారు. నన్ను చూసి గేటు దగ్గరే ఆగిపోయారు. నేను నోరు తెరిచేలోపే అవ్వ గబగబా కొంగు సర్దుకుని లేచి, కట్టలున్న చాట ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. సారు చెప్పులు విడిచి కింద కూర్చున్నారు. ఒక్కొక్క కట్టా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

"అన్ని మంచిగున్నయమ్మా. ఒక్కటి గూడ తీసేసేది లేదు," అన్నారు.

ఆమె ముఖం విప్పారింది. మళ్లీ వెళ్లి ఆకు అందుకుంది.

"మా అమ్మ," అన్నారు సారు నాతో, మెల్లగా. "నేను కొడుకునన్నది మర్చిపోయింది. బీడీలు చూసి, మంచిగ లేనియి తీసేసే కంపెనీ సారు అనుకుంటది. గిట్ల చూసి మంచిగున్నయి అంటెనే అన్నం తింటది. ఫోన్ మోగితే కంపెనీకి రమ్మంటున్నరని గేటు దాటి పోతది. గందుకే సౌండ్ బంద్ పెట్టిన." కూరగాయల సంచి గోడకు ఆనించారు. "నీ రిపోర్టు రోజు తెరుస్త. అండ్ల మా అమ్మనే కనవడ్తది. రెండు పేజీలు గూడ దాటలేకపోయిన."

కోపం పోయిందని అబద్ధం చెప్పను. ఈ మాట ముందే చెబితే ఏం పోయేది అని ఒళ్లు మండుతూనే ఉంది. కానీ ఆయన గోళ్ల సందుల్లో ఆకు పొడి కనిపించింది. అవ్వ కోసం ఆకు నలిపేది ఆయనేనని తెలిసి నాకు దుఃఖం ఆగలేదు.

సారు నా చేతిలోని ప్రింటు అడిగి తీసుకుని గడప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు. పెన్నుతో అక్కడక్కడ గీత పెడుతూ, మధ్యలో కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చదివారు. నేను అవ్వ పక్కన ఆకు కత్తిరిస్తూనే ఉన్నాను. ఆయన పేజీ తిప్పినప్పుడల్లా, గీత పెట్టినప్పుడల్లా అవ్వ తలెత్తి చూసేది. చివరి పేజీ దగ్గర ఆయన పెన్ను ఆగింది. అవ్వకు ఉండబట్టలేదు. చేతిలో ఆకు వదిలేసి ఆయన ముందుకు వెళ్లింది.

"సారూ, దూరంకెల్లి అచ్చింది పిల్ల. పొద్దటి సంది కష్టపడ్డది. దానియి తీసెయ్యకుండ్రి," అని కన్నకొడుక్కి దండం పెట్టింది.

సారు ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించారు.

"తీసెయ్యనమ్మా," అన్నారు. ఆమె చూస్తుండగానే సంతకం పెట్టారు.