కనిపించని రబ్బరు రింగు

డిగ్రీ పూర్తయిన ఏడాది జూన్‌లో మేడ్చల్‌లోని ఒక పళ్ల క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేరాను. పాప పుట్టబోయే ముందు మానేశాను. ఇప్పుడు దానికి పాలపళ్లు వస్తుంటే ప్రతి పన్నుకూ నాకు ఆ క్లినిక్కే గుర్తొస్తోంది.

మా డాక్టరు బి.డి.ఎస్. చదివిన సాధారణ దంతవైద్యుడు. పళ్ల వరస సరిచేసే ఎం.డి.ఎస్. స్పెషలిస్టు నెలకొక ఆదివారం వచ్చేవారు. సాధారణ దంతవైద్యుడు ఆ పని చేయడం తప్పని నేననను. చేస్తే మాత్రం స్పెషలిస్టు పడేంత జాగ్రత్తా పడాలి. ముందు ఎక్స్‌రే, పళ్ల అచ్చు తీసుకోవాలి. ఆ తర్వాతే చికిత్స అవసరమా కాదా అన్నది తేల్చాలి.

శామీర్‌పేటలో చేపలమ్మే లక్ష్మమ్మ తొమ్మిదేళ్ల మనవరాలిని తీసుకొచ్చింది. పై ముందుపళ్ల మధ్య సందు ఉంది. ఆ వయసులో అది మామూలే. కోరపళ్లు దిగాక చాలామందికి దానంతటదే మూసుకుంటుంది. ఆగమని చెప్పాల్సింది. మా డాక్టరు ఎక్స్‌రే కూడా తీయకుండా రెండు పళ్లకూ కలిపి చిన్న రబ్బరు రింగు తొడిగి, వారం తర్వాత రమ్మన్నాడు.

వారం తర్వాత చూస్తే రింగు లేదు.

“నిద్రల మింగింది అవ్వా. రబ్బరే గదా, పొద్దుగాల బయటికొస్తది తీయ్,” అని నవ్వాడు డాక్టరు.

“పొద్దుగాల నువ్వొచ్చి సూస్తవా? పోరి నోట్లకెంచి ఏం పడలే సారూ. చిగురు నొస్తాందంటాంది, జర మంచిగ సూడు.”

చూడలేదు. ఇంకొకటి తొడిగాడు. ‘పాతది పడిపోయింది, కొత్తది వేశాం’ అని కేస్ షీట్‌లో నన్ను రాయమన్నాడు. రాశాను.

రెండు నెలలు తిరక్కుండానే ఆ పళ్లు కిందికి జారి, నాలుకతో నెడితే ఊగాయి. ఆ నెల ఆదివారం వచ్చిన స్పెషలిస్టు చిగురు తెరిచి, పళ్ల వేర్ల దగ్గర నుంచి రెండు రింగులూ బయటికి లాగారు. పన్ను వేరువైపు సన్నబడుతుంది. పట్టులేని రబ్బరు అటే జారుతుంది, చుట్టూ ఉన్న ఎముకను పాడుచేస్తూ పోతుంది. దంతవైద్యం చదివినవాళ్లకు తెలియాల్సిన సంగతే. పళ్లను వైరుతో కట్టి చూశారు. ఒకటి నిలవలేదు.

“పడలేదని జెప్పిన గదా బిడ్డా,” అంది లక్ష్మమ్మ. డాక్టరుతో కాదు, నాతో.

ఆమె వెళ్లగానే డాక్టరు షీటు నా ముందు పెట్టాడు. “పడిపోయిందని రాసింది నువ్వే గదా శైలజా.”

“మీరు చెప్తెనే రాసిన సర్,” అన్నాను. లక్ష్మమ్మ పడలేదని చెప్పినా అలా రాసినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

వేసిన రింగు కనిపించకపోతే పడిపోయిందని రాయకూడదు, చిగురు కింద వెతకాలి. వెతకడం రానివాడు అసలు వేయకూడదు.