ఆరో కాపీ

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుకి వెళ్తే ఆకాశం కనబడేది కాదు. పైనుంచి కిందదాకా బోర్డులే. జావా, ఒరాకిల్, కొత్త బ్యాచ్ రేపట్నించి, డెమో ఉచితం. రెండువేల సంవత్సరం మాట. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు భుజాన సంచీ వేసుకుని, చేతిలో కరపత్రాల కట్టలు పట్టుకుని, ఏ మెట్లెక్కాలో తెలీక తలలెత్తి తిరుగుతుండేవాళ్ళు. నేను చాలా ఊళ్ళు చూశాను. సంతలో పశువుల్ని బేరమాడినట్టు చదువుని బేరమాడే వీధి మరెక్కడా చూళ్ళేదు.

ఆ సందులోనే హనుమాండ్లు జిరాక్స్ షాపు. షాపులో ఓ మూల అద్దాల గది, అందులో కంప్యూటరు, దాని ముందు కృపావరం. నలభై ఒక్క ఏళ్ళ మనిషి. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు టైపు చేసి పేజీలు కట్టడం అతని పని. చుట్టుపక్కల యూనివర్సిటీల్లో థీసిస్ రాసేవాళ్ళందరికీ ఆ గది తెలుసు. అతని వేళ్ళ మీదుగా నూట డెబ్భై మంది డాక్టర్లయ్యారు. అందరూ కృతజ్ఞతల పేజీ ఆఖర్న టైపు చేయించుకునేవాళ్ళు. అందులో ముందు దేవుడు, తర్వాత గైడు. తెలివైనవాళ్ళు ఆ వరస తారుమారు చేసేవాళ్ళు. అట్టడుగున ఒక్కోసారి "టైపు చేసిన శ్రీ కృపావరం గారికి" అని ఉండేది. ఆ వాక్యం కూడా అతనే టైపు చేసుకోవాలి.

అతనూ ఒకప్పుడు స్కాలరే. పదమూడేళ్ళ కిందట చరిత్ర శాఖలో చేరాడు. కృష్ణా డెల్టాలో కాలవలు తవ్విన కూలీల మీద పరిశోధన. కాలవ ఎవరు తవ్వారంటే పుస్తకాలన్నీ ఇంజనీరు పేరే చెప్తాయి. పారపట్టిన వాళ్ళకి పాత కాగితాల్లో పేర్లుండవు, మగ ఇంతమంది, ఆడ ఇంతమంది, అంతే. కృపావరం ముత్తాతలు ఆ లెక్కలో ఉన్నవాళ్ళు. అతను నాలుగేళ్ళు తెనాలి చుట్టుపక్కల పేటలన్నీ కాలినడకన తిరిగి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ తాతలు చెప్పిన మాటలు రాసుకున్నాడు.

నాలుగో అధ్యాయం ఒక మేస్త్రీ గురించి. కూలీల గుడిసెల్లో వాంతులూ విరోచనాలూ పట్టుకుని మనుషులు రాలిపోతున్నప్పుడు గుర్రమెక్కి దొర తనిఖీకి వచ్చాడట. "ఏమన్నా మొరలున్నాయా?" అన్నాడట. కూలీలంతా మేస్త్రీ మొహం చూశారు. మేస్త్రీ కూడా వాళ్ళవాడే. "ఏం లేవు దొరా" అన్నాడు. దొర మెచ్చుకుని మేస్త్రీ తలకి తలపాగా చుట్టించాడు. ఈ కథ చెప్పిన ముసలమ్మ ఆ మేస్త్రీ పేరు మాత్రం చెప్పలేదు. "ఆ పేరు మా పేటలో పిల్లలకి పెట్టుకోరు నాయనా" అందిట.

గైడు ప్రొఫెసర్ రామ్మోహనరావు గారు ఆ అధ్యాయం దగ్గరే బండి ఆపేశాడు. "బానే రాశావు గానీ, ఇది మీవాళ్ళ గోడులా ఉందయ్యా, చరిత్రలా లేదు" అన్నాడు. ఆ మాట అని ఎనిమిదేళ్ళయింది. తిట్టలేదు, గద్దించలేదు. కులం పేరెత్తి ఎవర్నీ ఒక్క మాటనే మనిషి కాదాయన. అదే చిక్కు. ఒక్కసారి తిట్టినా, ఫలానా మాటన్నాడని చెప్పుకోడానికి ఏదో ఒకటి చేతిలో ఉండేది. పంజగుట్టలో ద్వారకాపురి కాలనీలో ఆయనిల్లు. మిగతా స్కాలర్లు వరండా దాటి లోపలికెళ్ళి, కాఫీలు తాగి, సంతకాలు పెట్టించుకుని వచ్చేవాళ్ళు. కృపావరం వస్తే ఆయనే గేటు దాకా నడిచొచ్చేవాడు. ఎంత మర్యాదో! గేటు మాత్రం తీసేవాడు కాదు.

ఆ ఏడు యూనివర్సిటీ ఓ సర్క్యులర్ వేసింది. గడువు దాటిన స్కాలర్లకి ఆఖరి అవకాశం; గైడు ఒప్పుకోలు ఫారం మీద సంతకం చేస్తే మళ్ళీ రిజిస్ట్రేషను, లేకపోతే శాశ్వతంగా రద్దు. దానికే "పరిశోధక విద్యార్థుల దినం" అని పంజగుట్టలో తమ సిటీ హాల్లో సభ పెట్టింది. ఫారాలు ఆ రోజు సాయంత్రం ఐదులోగా ఆఫీసులో ఇవ్వాలి. ఆ మధ్య సూడాన్ నుంచి వచ్చిన ఒక స్కాలరుకి మాసబ్ ట్యాంక్‌లో నాలుగిళ్ళు ఖాళీగా ఉండీ అద్దెకివ్వలేదు; మెస్సులో అతని పక్క కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. అది పేపర్లో పడింది. అందుకని సభలో "వివక్షపై ముఖాముఖి: రంగు, కులం, ప్రాంతం" అని ఒక అంశం కలిపారు. కష్టాలు చెప్పుకోడం, అక్కడికక్కడే గైడ్లు సంతకాలు పెట్టడం, రెండూ అందులోనే.

కృపావరం ద్వారకాపురి గేటు దగ్గరికెళ్ళి ఫారం చూపిస్తే ప్రొఫెసరు, "సభలో పెడతాలేవయ్యా, అందరి ముందూ. బావుంటుంది కదూ?" అన్నాడు.

కార్యక్రమ పత్రం టైపు చేసే పని కృపావరానికే వచ్చింది. విద్యార్థి సంక్షేమం చూసే రాగసుధ అనే చిన్న లెక్చరరు కాగితం పట్టుకొచ్చింది. మంచి పిల్ల, కంగారు మనిషి. మొదటి ప్రూఫులో "మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ముఖాముఖి" అని ఉంది. కృపావరం ఆ లైను బొద్దక్షరాల్లో పెట్టాడు.

రెండో ప్రూఫుకి, "కృపావరం గారూ, ముఖ్య అతిథి ప్రసంగం పెరిగిందండీ. ముఖాముఖి ఒక గంట చేసెయ్యండి" అంది.

మూడోసారి: "అరగంట చాలంటున్నారండీ. భోజనాలు చల్లారిపోతాయిట."

నాలుగోసారి ఆమె కుర్చీలో కూర్చోలేదు. "ఆ లైను తీసెయ్యండి. అక్కడ గ్రూప్ ఫోటో అని వెయ్యండి."

"మరి సంతకాలు మేడమ్?"

"ఎవరి గైడు దగ్గర వాళ్ళు పెట్టించుకోవాలిట. నేనేం చేస్తానండీ, రామ్మోహనరావు గారే అలా మార్చమన్నారు. మార్చేసి మూడొందల కాపీలు తీయించెయ్యండి. నేను మళ్ళీ చూడక్కర్లేదు."

ఆమె వెళ్ళాక కృపావరం ఆ లైను తీసేశాడు. గ్రూప్ ఫోటో అని కొట్టాడు. చూస్తూ కూర్చున్నాడు.

"ఏంది భాయ్, గట్ల బొమ్మ లెక్క కూసున్నవ్? ప్రెస్సుకి పిలేట్ పంపాలె, జర జల్దీ" అని హనుమాండ్లు అవతల్నించి కేకేశాడు.

అప్పుడు కృపావరం వేలు దానంతటది కదిలి పాత ఫైలు తెరిచింది. రెండు నుంచి నాలుగు. బొద్దక్షరాలు. అదే ప్రింటు కొట్టాడు.

సాయంత్రం షెర్లిన్ వచ్చింది. రామ్మోహనరావు గారి దగ్గరే మరో స్కాలరు, ఆమెదీ గడువు దాటిన కేసే. పొద్దుట చర్చి స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం ఈ గదిలో పక్కన కూర్చుని ఒక్కో పేజీ టైపు చేయించుకునేది. కృపావరం నాలుగో అధ్యాయం మొదట్నించి చివరిదాకా చదివిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. బల్ల మీద పత్రం చూసి, "అన్నా! తీసేశారని చెప్పారే, ఉందేంటి?" అంది.

"నేనే ఉంచాను. ఎవరికీ చెప్పకు. అచ్చులో ఉన్నాక కాదనలేరు కదమ్మా."

ఆమె ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. "నాలుగు రోజులుంది. అందరికీ నేను చెప్తాను, ఎవరూ భోజనాలప్పుడు వెళ్ళిపోవద్దని. మీరుంటారుగా?"

"ఉండక?"

సభ రోజున ప్రసంగాలు పొద్దుట పదింటికి మొదలై ఒంటిగంటన్నర దాకా సాగాయి. సమానత్వం గురించి అందరూ బాగానే మాట్లాడారు. వందన సమర్పణ అయింది, గ్రూప్ ఫోటో అయింది. జనం బిర్యానీ వాసన వైపు లేస్తుంటే, మధ్య వరసలోంచి సూడాన్ కుర్రాడు లేచి నిలబడ్డాడు. చేతిలో పత్రం. "సార్, కాగజ్ మే లిఖా హై. దో బజే సే చార్ బజే" అన్నాడు. కాగితంలో రాసి ఉంది అంటున్నాడు, మన హైదరాబాదు హిందీలో. అతని వెనక షెర్లిన్ లేచింది. తర్వాత ఇంకో పదిమంది. అందరి చేతుల్లోనూ అదే కాగితం.

వేదిక మీద రాగసుధ మొహం పాలిపోయింది.

రామ్మోహనరావు గారు మైకు తీసుకుని చల్లగా నవ్వాడు. "ఇది అచ్చు తప్పు నాయనా. అదుగో, టైపు చేసినాయన అక్కడే ఉన్నాడు. మా స్టూడెంటే. రావయ్యా కృపావరం, పైకి రా."

పదమూడేళ్ళలో ఆయన రమ్మనడం అదే మొదలు. కృపావరం వెనక గోడ దగ్గర్నుంచి నడిచి, మెట్లెక్కాడు. ప్రొఫెసరు అతని భుజం మీద చెయ్యేశాడు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన ఫారం పైకి కనిపిస్తోంది. దాన్ని ఆయనే తీసి, విప్పి, బల్లమీద పరిచి, పెన్ను మూత తీశాడు. పెన్ను కాగితం మీద పెట్టలేదు.

"చెప్పవయ్యా అందరికీ. తప్పేనా?"

కింద పన్నెండు మంది నిలబడి ఉన్నారు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. నవోమి, అతని భార్య, పొద్దుట ఆ చొక్కా ఇస్త్రీ చేస్తూ అన్న మాట ఒక్కటే కృపావరానికి గుర్తొచ్చింది: "ఇవాళ కాకపోతే ఇంక ఎప్పటికీ కాదు కదండీ."

"తప్పేనండి" అన్నాడు. మైకు దూరంగా ఉంది. ప్రొఫెసరు దాన్ని దగ్గరికి జరిపాడు. "తప్పేనండి. నాదే."

పెన్ను కదిలింది. ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకొందరు అందుకున్నారు. జనం భోజనాలకి కదిలారు. రాగసుధ పక్కకొచ్చి, "నన్ను కాపాడారు కృపావరం గారూ" అని గొణిగింది. ఆమె నిజంగానే అంది.

షెర్లిన్ ఫారం పట్టుకుని ప్రొఫెసరు వెంట పరిగెత్తింది. "భోంచేశాక చూద్దామమ్మా" అన్నాడాయన. భోంచేశాక కారెక్కాడు. నాలుగున్నరకి కృపావరం ఆఫీసుకెళ్తే మెట్లమీద ఆమె కూర్చుని ఉంది, ఒళ్ళో ఖాళీ ఫారం. అతను ఆగలేదు. ఆగితే లోపలికి వెళ్ళలేనని తెలుసు. ఫారం ఇచ్చి, రసీదు తీసుకుని, వెనక గుమ్మం గుండా వెళ్ళిపోయాడు.

ఇంట్లో నవోమి గుమ్మంలోనే అడిగింది. రసీదు చూసి ఏడ్చేసింది. "ముందు ప్రార్థన చేద్దాం రండి" అని మోకరించింది. అతనూ మోకరించాడు. ఆమె స్తోత్రం చెప్తున్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.

మర్నాడు షెర్లిన్ షాపుకొచ్చింది. కూర్చోలేదు.

"నా ఫ్లాపీలు ఇచ్చెయ్యండి అన్నా."

"అమ్మా, నేను..."

"ఏడుండాలి."

సొరుగులోంచి తీసి ఒక్కొక్కటే బల్లమీద పెట్టాడు. ఆమె సంచీలో సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మేస్త్రీ అధ్యాయం చాలా బాగా రాశారన్నా. అది మాత్రం తీసెయ్యకండి" అంది. గొంతులో కోపం కూడా లేదు. కోప్పడినా బాగుండేది.

"గా పోరి ఎందుకు పోయింది? మంచి గిరాకి గదా!" అన్నాడు హనుమాండ్లు. కృపావరం సొరుగు మూశాడు.

వారం తిరక్కుండా ప్రొఫెసరు కబురు పెట్టాడు. ఈసారి గేటు తీశాడు, వరండాలో కుర్చీ చూపించాడు, కాఫీ వచ్చింది. "ఆ మేస్త్రీ గొడవ తీసేసి తీసుకురా. ఆర్నెల్లలో అవగొట్టేద్దాం" అన్నాడు. కాఫీ బాగుంది. కృపావరం కప్పు అడుగుదాకా తాగాడు.

నాలుగో అధ్యాయం తీసేశాడు. ఐదోది నాలుగోదయింది. పేజీల నంబర్లు తనే మార్చాడు. కృతజ్ఞతల పేజీ, ఎప్పట్లాగే, ఆఖర్న టైపు చేశాడు; మొదటి పేరు దగ్గర చాలాసేపు ఆగి, అందరూ రాసినట్టే రాశాడు. వైవా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. హనుమాండ్లు మురిసిపోయి బోర్డు మీద "డా. కృపావరం గారిచే టైపింగ్" అని రాయించాడు. "వద్దు హనుమాండ్లన్నా" అంటే వింటేనా! "ఫికర్ జెయ్యకు, సార్ అయినవ్ సార్" అన్నాడు.

షెర్లిన్ ఎదురు బిల్డింగులో జావా కోర్సులో చేరింది. ముప్ఫై రెండేళ్ళ మనిషి, ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్య మెట్ల మీద వరసలో నిలబడేది. అద్దాల గదిలోంచి తిన్నగా కనిపించేది. రోజూ సాయంత్రం ఐదున్నరకి. ఇటు తల తిప్పేది కాదు.

యూనివర్సిటీకి థీసిస్ ఐదు కాపీలివ్వాలి. కృపావరం ఆరు కట్టించాడు. ఆరోదానికి కూడా అదే మెరూన్ రెక్సిను, అవే బంగారు అక్షరాలు. లోపల మాత్రం నాలుగో అధ్యాయం ఉంది, మేస్త్రీ ఉన్నాడు, మొదటిసారి రాసింది రాసినట్టే. అట్ట లోపల "షెర్లిన్‌కి" అని రాసి, అంతకుమించి ఏం రాయాలో తోచక, అలాగే కవర్లో పెట్టి బల్లకింద ఉంచాడు. రేపు ఇద్దాం, రోడ్డు దాటి వెళ్ళి ఇద్దాం అనుకున్నాడు. ఐదున్నర అయ్యేసరికి రోజూ ఏదో ఒక పేజీ మధ్యలో ఉండేది.

ఒక సోమవారం ఆ మెట్ల మీద కొత్త పిల్లలు నిలబడ్డారు. కొత్త బ్యాచ్. అతను కవరు పట్టుకుని రోడ్డు దాటాడు. మెట్ల పక్క బల్ల దగ్గర కరపత్రాలు పంచేవాణ్ణి అడిగితే, "పాత బ్యాచా? అయిపోయిందన్నా. ఎటు పోయిన్రో ఎవరికెర్క? నువ్వు సుత జాయినయితవా? డెమో ఫ్రీ" అని ఒక కాగితం చేతిలో పెట్టాడు.

కృపావరం కవరూ, కరపత్రమూ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పిల్లలు అతన్ని తోసుకుంటూ, తప్పుకుంటూ మెట్లెక్కి పోతున్నారు. ఇటునుంచి చూస్తే ఎదురుగా తన షాపు బోర్డు కనిపిస్తోంది, దాని మీద తన పేరు. ఇన్నాళ్ళూ ఆమెకి రోజూ కనిపించింది అదేనని అప్పుడు తెలిసింది.